క్రెటానా, గ్రాండ్ విటారానా?



కారు కొందామనుకున్న ఇంట్లో మొదట పది పేర్లు వినిపిస్తాయి. నాన్న ఒకటంటాడు, కొడుకు ఇంకొకటంటాడు, కోడలు సన్‌రూఫ్ కావాలంటుంది, పక్కింటాయన తన బండి గురించే చెబుతాడు. నెల తిరిగేసరికి ఆ పది కాస్తా రెండవుతాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. పదింట్లోంచి రెండు ఏరుకోవడం సులువే. ఆ రెండింట్లో ఒకటి తేల్చుకోవడమే కష్టం. పదిహేను లక్షల పైచిలుకు పెట్టి మధ్యస్థాయి ఎస్‌యూవీ కొనేవాళ్లలో చాలామందికి చివరికి మిగిలే జంట ఒకటుంది. హ్యుందాయ్ క్రెటా ఒకటి, మారుతీ సుజుకీ గ్రాండ్ విటారా రెండోది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఏది మేలో ఇవాళ మాట్లాడుకుందాం. ఈ ప్రసంగం ఏ కంపెనీ తరఫునా కాదు. ఏది గొప్పదో ముందే తేల్చి చెప్పడమూ నా ఉద్దేశం కాదు. మీకు ఏది సరిపోతుందో మీరే లెక్క వేసుకునే దారి చెప్పడం వరకే నా పని.

ముందు ఈ రెండింటి పుట్టుపూర్వోత్తరాలు. క్రెటా మన దేశంలోకి 2015 జులైలో వచ్చింది. తమిళనాడులో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో తయారవుతుంది. 2020లో రెండో తరం బండి వచ్చింది, 2024 జనవరిలో దానికే ముఖం మార్చి, పరికరాలు పెంచారు. ఆ ఏడాది ఫిబ్రవరికి మన దేశంలో అమ్ముడైన క్రెటాల సంఖ్య 10 లక్షలు దాటింది. గ్రాండ్ విటారా 2022 సెప్టెంబరులో వచ్చింది. పేరు మారుతీది, తయారయ్యేది మాత్రం బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న టయోటా ఫ్యాక్టరీలో. టయోటా హైరైడర్ దీని తోబుట్టువే. అదే ఇంజిను, అదే లోపలి నిర్మాణం, బంపరూ లైట్లూ వేరు. క్రెటాకూ ఒక బంధువుంది. అది కియా సెల్టోస్, మన పెనుకొండ దగ్గర తయారయ్యేదే. 2019 ఆగస్టులో అక్కడి నుంచి మార్కెట్‌లోకి వచ్చింది. క్రెటాలో ఉండే ఇంజిన్ల కుటుంబమే దానిలోనూ ఉంటుంది. కాబట్టి ఇవాళ నేను చెప్పే మాటల్లో చాలా భాగం ఆ రెండు బంధువుల బళ్లకూ వర్తిస్తుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఇంత పెద్ద బళ్లకు అందరూ ఒకటిన్నర లీటరు ఇంజినే ఎందుకు పెడతారు? ఇంజనీరింగ్‌తో పాటు పన్నుకూ ఇందులో వాటా ఉంది. 2025 సెప్టెంబరు 21 వరకు కార్ల మీద 28 శాతం జీఎస్‌టీ, దానిపైన సెస్సు ఉండేవి. ఇంజిను 1500 సీసీ లోపుంటే సెస్సు 17 శాతం, అంటే మొత్తం 45. ఆ గీత దాటిన పెద్ద ఎస్‌యూవీకి సెస్సు 22, మొత్తం 50. హైబ్రిడ్లకు మొత్తం 43. ఇప్పుడు సెస్సు పోయింది. నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం. మనం మాట్లాడుకునే రెండూ నాలుగు మీటర్లు దాటినవే కాబట్టి రెండింటికీ 40 శాతమే. 1500 సీసీ గీత మాత్రం ఇన్సూరెన్సులో ఇంకా ఉంది. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సీసీ దాటి 1500 సీసీ లోపైతే 10,640 రూపాయలు, 1500 దాటితే 24,596. క్రెటా మామూలు పెట్రోలు ఇంజిను 1497 సీసీ. ఆ మూడు సీసీల వెనక ఇంత లెక్క ఉంది.

ఇక పోలికకు వద్దాం. బయటి కొలతలు చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. క్రెటా పొడవు 4330 మిల్లీమీటర్లు, గ్రాండ్ విటారా 4345. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం క్రెటాలో 2610, గ్రాండ్ విటారాలో 2600. తేడా ఒక సెంటీమీటరు. రెండింట్లోనూ ఐదుగురే కూర్చోవాలి. రెండింట్లోనూ పెద్ద తెర, పై రకాల్లో పెద్ద సన్‌రూఫ్, చల్లగాలి వచ్చే సీట్లు ఉన్నాయి. షోరూమ్‌లో నిలబడి చూస్తే ఈ రెండింటి మధ్య తేడా రంగూ రూపమే అనిపిస్తుంది. అది పొరపాటు. అసలు తేడా బానెట్ కింద ఉంది.

క్రెటాలో మూడు ఇంజిన్లున్నాయి. ఒకటి 115 హార్స్ పవర్ మామూలు పెట్రోలు. రెండోది 116 హార్స్ పవర్ డీజిలు. మూడోది 160 హార్స్ పవర్ టర్బో పెట్రోలు. గ్రాండ్ విటారాలో డీజిలు లేదు, టర్బో లేదు. ఒకటి 103 హార్స్ పవర్ పెట్రోలు, దానికి చిన్న మోటారు సాయం. దీన్ని మైల్డ్ హైబ్రిడ్ అంటారు. ఇందులోనే నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం కూడా ఉంది. రెండోది స్ట్రాంగ్ హైబ్రిడ్. మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజినూ ఎలక్ట్రిక్ మోటారూ కలిసి సుమారు 116 హార్స్ పవర్ ఇస్తాయి. క్రెటాలో హైబ్రిడ్ లేదు. అంటే ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లో లేదు. అందుకే క్రెటానా గ్రాండ్ విటారానా అని మొదలుపెడితే ఎటూ తేలదు. డీజిలా, హైబ్రిడ్డా, మామూలు పెట్రోలా అని మొదలుపెడితే కారు దానంతటదే తేలుతుంది.

హైబ్రిడ్ అనగానే చాలామంది అడిగే ప్రశ్న, చార్జింగ్ ఎక్కడ పెట్టాలి అని. ఎక్కడా పెట్టక్కర్లేదు. ప్లగ్గే ఉండదు. ఇందులో బ్యాటరీ చాలా చిన్నది, ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు. ముప్పావు యూనిట్టు. బండి నెమ్మదిగా కదిలేటప్పుడు మోటారే నడిపిస్తుంది, ఇంజిను ఆగిపోయి ఉంటుంది. వేగం పెరిగితే ఇంజిను అందుకుంటుంది. బ్రేకు నొక్కినప్పుడు మామూలు కార్లో ఆ శక్తంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ అదే మోటారు తిరగబడి డైనమోలా పనిచేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపిస్తుంది. కాబట్టి ఎన్నిసార్లు ఆగి బయల్దేరితే అంత లాభం. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ఆఫీసు వేళలో పాకుతూ వెళ్లే బండికి ఇంతకన్నా తగిన ఏర్పాటు లేదు. అదే బండి విజయవాడ హైవే మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో బ్రేకు ముట్టకుండా పోతుంటే ఆదా అయ్యే శక్తి తక్కువ. అప్పుడు అది ఎక్కువభాగం పెట్రోలు కారే.

ఇప్పుడు మైలేజీ. కంపెనీలు చెప్పే అంకెలివి. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ లీటరుకు 27.97 కిలోమీటర్లు. మైల్డ్ హైబ్రిడ్ గేర్ల బండి 21.11. క్రెటా మామూలు పెట్రోలు గేర్ల బండి 17.4, డీజిలు గేర్ల బండి 21.8, డీజిలు ఆటోమేటిక్ 19.1, టర్బో 18.4. ఇవన్నీ ప్రయోగశాలలో, రోలర్ల మీద, నిర్ణీత పద్ధతిలో తీసిన అంకెలు. ఒక బండిని ఇంకో బండితో పోల్చడానికి పనికొస్తాయి, మీ పెట్రోలు ఖర్చు లెక్కకట్టడానికి పనికిరావు. ఏసీ వేసి, నలుగుర్ని ఎక్కించుకుని, గతుకుల్లో, సిగ్నళ్లలో నడిపితే అంత రాదు. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా దాదాపు మూడోవంతు తక్కువ. మైలేజీ కొంత తగ్గడానికి అదీ ఒక కారణం.

కాబట్టి లెక్క మనమే వేద్దాం. కాగితం, పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి. నేను చెప్పేవి ఉదాహరణ అంకెలు, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. పెట్రోలు లీటరు 107 రూపాయలనుకుందాం. ఊళ్లో ట్రాఫిక్‌లో మామూలు పెట్రోలు ఆటోమేటిక్ బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు సుమారు 8 రూపాయల 90 పైసలు. హైబ్రిడ్ అదే ట్రాఫిక్‌లో 20 ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు 5 రూపాయల 35 పైసలు. మిగిలేది కిలోమీటరుకు దాదాపు మూడున్నర రూపాయలు. హైబ్రిడ్ కొనడానికి మీరు అదనంగా పెట్టింది రెండు లక్షలనుకుంటే, ఆ రెండు లక్షలూ తిరిగి రావడానికి సుమారు 56 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవారికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు. నెలకు రెండు వేలు తిరిగేవారికి రెండేళ్ల నాలుగు నెలలు. నెలకు ఐదువందలే తిరిగేవారికి తొమ్మిదేళ్లు దాటుతుంది. వారానికోసారి గుడికీ, నెలకోసారి అత్తారింటికీ వెళ్లే బండికి హైబ్రిడ్ మీద పెట్టిన డబ్బు పెట్రోలు రూపంలో వెనక్కి రాదు. నిశ్శబ్దంగా నడుస్తుందని, పొగ తక్కువని కొంటే అది వేరే మాట, అదీ సబబైన కారణమే.

హైవే లెక్క చూద్దాం. డీజిలు లీటరు 96 రూపాయలనుకుందాం. హైవేలో డీజిలు బండి లీటరుకు 20 కిలోమీటర్లిస్తే కిలోమీటరుకు 4 రూపాయల 80 పైసలు. హైబ్రిడ్ 22 ఇస్తే 4 రూపాయల 86 పైసలు. చూశారా, ఊళ్లో అంత తేడా చూపిన హైబ్రిడ్ హైవేలో డీజిలుతో సమానమైపోయింది. ఇక పుల్లింగ్ సంగతి. క్రెటా డీజిలు టార్కు 250 న్యూటన్ మీటర్లు, అదీ తక్కువ వేగంలోనే అందుతుంది. గ్రాండ్ విటారా మైల్డ్ హైబ్రిడ్‌ది 137. ఐదుగురు మనుషులు, నిండా సామాను, ఎదురుగా శ్రీశైలం ఘాట్ రోడ్డు ఉన్నప్పుడు ఈ తేడా కాలికి తెలుస్తుంది. రెండు వరసల రోడ్డు మీద లారీని దాటేటప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. అనంతపురం నుంచి హైదరాబాదుకు, శ్రీకాకుళం నుంచి విజయవాడకు తరచూ తిరిగేవారికి డీజిలు ఇప్పటికీ మంచి ఎంపికే.

అయితే డీజిలుకు ఒక షరతుంది. బీఎస్ 6 డీజిలు బండి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి. అంటే బండి అప్పుడప్పుడూ హైవే ఎక్కి ఆగకుండా కొంతసేపు పరుగెత్తాలి. పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చుకుని ఇంటికొచ్చేసే రెండు కిలోమీటర్ల ప్రయాణాలతోనే ఏడాదంతా గడిస్తే ఆ జల్లెడ పూడుకుపోతుంది. హెచ్చరిక దీపం వెలుగుతుంది, సర్వీసు సెంటరుకు తిరగాల్సి వస్తుంది. ఊళ్లోనే ఉండేవారు డీజిలు జోలికి పోవద్దు. ఇంకో మాట. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు బళ్ల మీద చాలా ఏళ్లు ఆంక్షలు నడిచాయి. మన రాష్ట్రాల్లో అలాంటి నిషేధం లేదు గానీ, ఉద్యోగరీత్యా ఉత్తరాదికి బదిలీ అయ్యే అవకాశం ఉన్నవారు అక్కడి తాజా నిబంధన కనుక్కోవాలి.

టర్బో పెట్రోలు సరదా బండి. 160 హార్స్ పవర్‌తో చకచకా కదులుతుంది. దానికిచ్చే ఏడు గేర్ల డబుల్ క్లచ్ ఆటోమేటిక్ హైవేలో హాయిగా ఉంటుంది. గంటల తరబడి పాకే ట్రాఫిక్‌లో, ఎత్తు ఎక్కే ఫ్లైఓవరు మీద బ్రేకు వదిలి వదలక నడిపితే ఈ రకం క్లచ్చులు వేడెక్కుతాయి. అలాంటి రోడ్డే మీ రోజువారీ దారి అయితే, మామూలు పెట్రోలుకిచ్చే సీవీటీ ఆటోమేటిక్కో, హైబ్రిడ్డో సుఖం. హైబ్రిడ్‌కూ ఒక పరిమితి ఉంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కాలు గట్టిగా నొక్కితే మూడు సిలిండర్ల ఇంజిను గొంతు పెంచుతుంది. దిగేటప్పుడు చిన్న బ్యాటరీ త్వరగా నిండిపోతుంది. అప్పుడు గేరు లీవరును బీ అనే స్థానంలో పెట్టి, ఇంజిను పట్టుతో దిగాలి. టెస్ట్ డ్రైవ్‌లో ఆ స్థానం ఎక్కడుందో అడిగి తెలుసుకోండి.

ఇంజిను తేలాక మిగతావి. ముందు డిక్కీ. మగవాళ్లు మైలేజీ అడుగుతారు, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు సామాను సర్దే ఇల్లాలు డిక్కీ అడుగుతుంది. ఆమె ప్రశ్న చాలా అవసరమైనది. క్రెటా డిక్కీ 433 లీటర్లు. గ్రాండ్ విటారా మైల్డ్ హైబ్రిడ్‌ది 373. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ డిక్కీ కిందే ఉంటుంది కాబట్టి 265 లీటర్లే మిగులుతుంది. క్రెటాతో పోలిస్తే 168 లీటర్లు తక్కువ, అంటే రెండు పెద్ద సూట్‌కేసుల జాగా. అమెరికా నుంచి వచ్చే పిల్లల్ని శంషాబాదు విమానాశ్రయం నుంచి తెచ్చుకోవడానికే బండి కొంటున్నవారు ఈ అంకె మర్చిపోకూడదు. షోరూమ్‌కు వెళ్లేటప్పుడు మీ ఇంట్లో ఉన్న పెద్ద పెట్టెలు రెండు తీసుకెళ్లి డిక్కీలో పెట్టి చూడండి. సేల్స్ కుర్రాడు ఆశ్చర్యపోతే పోనీయండి.

రెండోది గ్రౌండ్ క్లియరెన్స్. గ్రాండ్ విటారా నేల నుంచి 210 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, క్రెటా 190. మన ఊళ్లలో ఇళ్ల ముందు ఎవరికి వారు కట్టుకునే స్పీడ్ బ్రేకర్లకు కొలతా ప్రమాణమూ ఉండదు. డొంక దారిలో పొలం దాకా బండి వెళ్లాల్సిన రైతు కుటుంబానికి ఆ రెండు సెంటీమీటర్లూ పనికొస్తాయి. అయితే ఎత్తు ఎక్కువుంది కదా అని నిలిచిన నీళ్లలోకి దించకండి. వానాకాలంలో ఇంజిన్లు పాడయ్యేది అక్కడే. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్లోకి పోతే, నీటిని నొక్కి కుదించడం కుదరదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. తోయించి బయటకు తీసి, లాగే వాహనం పిలిపించుకోండి. మామూలు ఫుల్ ఇన్సూరెన్సులో ఈ నష్టం సాధారణంగా రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ తీసుకుంటేనే వస్తుంది. హైదరాబాదు పల్లపు కాలనీల్లో ఉండేవారు, విజయవాడలో బుడమేరు వైపు ఉండేవారు దానికి డబ్బు కట్టడానికి వెనకాడొద్దు.

మూడోది ఎండ. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎలా ఉంటుందో మీకు తెలుసు. పెద్ద సన్‌రూఫ్ ఫొటోలో అందంగా ఉంటుంది. ఎండాకాలంలో ఆ అద్దం మీదుగా వేడి దిగుతుంది, ఏసీకి పని పెరుగుతుంది. పైకప్పులో అద్దం పరికరాలకు జాగా పోవడంతో వెనక సీటు వారి తల మీద ఎత్తూ తగ్గుతుంది. ఇంట్లో పొడుగు మనిషిని వెనక కూర్చోబెట్టి చూడకుండా పై రకం బుక్ చేయకండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఎక్కి దిగడం కూడా రెండు మూడుసార్లు చేయించి చూడాలి. సన్‌రూఫ్‌కు పెట్టే డబ్బుతో కొన్నిసార్లు ఆటోమేటిక్ గేర్లు వస్తాయి. రోజూ ట్రాఫిక్‌లో నడిపే ఎడమకాలిని అడిగితే ఏది కావాలో అదే చెబుతుంది.

ఇక భద్రత. రెండింట్లోనూ ఇప్పుడు అన్ని రకాలకూ ఆరు ఎయిర్ బ్యాగులు ఇస్తున్నారు. చక్రాలు జారకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఉంది. క్రెటా పై రకాల్లో ముందు వాహనం దగ్గరైతే తనంతట తానే బ్రేకు వేసే, గీత దాటితే హెచ్చరించే ఎడాస్ వ్యవస్థ 2024 నుంచి ఉంది. గ్రాండ్ విటారా ఆ వ్యవస్థ లేకుండానే మార్కెట్‌లోకి వచ్చింది. నాలుగు వరసల హైవేలో ఈ వ్యవస్థ మంచి తోడు. రాంగ్ రూట్‌లో ఆటోలు, రోడ్డు మధ్య పశువులు ఉండే చోట మాత్రం అనుకోకుండా బ్రేకు పడి వెనకవాణ్ని ఇబ్బంది పెట్టొచ్చు. దాని కోసమే ఎక్కువ డబ్బు పెట్టాలా అన్నది మీరు తిరిగే రోడ్డును బట్టి తేల్చుకోండి.

స్టార్ రేటింగ్ గురించి ఒక జాగ్రత్త. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ బండిని గుద్దించి చేసే పరీక్షలో క్రెటాకు మూడు స్టార్లు వచ్చాయి. అది 2024 మార్పులకు ముందరి బండి. పాత స్టార్లను కొత్త బండికి అంటగట్టడం, కొత్త స్టార్లను పాత బండికి తగిలించడం రెండూ తప్పే. మన దేశానికి సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అందులో బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి గుద్దించి చూస్తారు. ఆ వేగం దాటాక ఏ స్టారూ హామీ ఇవ్వదు. బుక్ చేసేముందు మీరు కొనే రకానికి, ఆ ఏడాది బండికి ఫలితం ఉందా అని అడగండి. ఎన్ని స్టార్లున్నా వెనక సీట్లో బెల్టు పెట్టుకోకపోతే ఆ స్టార్లు వెనకవారివి కావు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఖరీదైన ఎస్‌యూవీలో, వెనక సీట్లో, బెల్టు లేకుండా ప్రయాణిస్తూ ప్రాణం కోల్పోయారు. ఆ పాఠం మన ఇళ్లలో ఇంకా అందరికీ ఎక్కలేదు.

ఇప్పుడు ధర. ప్రకటనలో కనిపించేది ఎక్స్ షోరూమ్ ధర. ఇంటికి బండి రావాలంటే కట్టాల్సింది ఆన్ రోడ్ ధర. మధ్యలో లైఫ్ ట్యాక్స్ ఉంది. ధర పెరిగేకొద్దీ ఆ పన్ను శాతమూ పెరుగుతుంది. శ్లాబు గీతకు కాస్త పైన ఉన్న రకం కొంటే, పదివేల సన్‌రూఫ్ ముచ్చటకు ఇంకెన్నో వేలు పన్ను పడొచ్చు. కాబట్టి రెండు బళ్ల కొటేషన్లూ ఆన్ రోడ్ ధరతోనే, కాగితం మీద, అంశాల వారీగా తీసుకోండి. పది లక్షలు దాటిన కారుకు ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వాపసు పొందవచ్చు. ఇన్సూరెన్సు షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట ధర కనుక్కుని బేరమాడండి. హైదరాబాదులో కొని విజయవాడలో స్థిరపడే ఆలోచన ఉన్నవారు ఇంకోటి గమనించాలి. బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడ నంబరు మార్పించుకోవాలి, అక్కడి పన్నూ కట్టాలి. ఏ రాష్ట్రంలో నడుస్తుందో ఆ రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ చేయించడం మంచిది.

అప్పు తీసుకునేవారికి ఒక లెక్క. 12 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ అనుకుందాం. ఐదేళ్లకైతే నెలకు దాదాపు 24,900 రూపాయలు, మొత్తం వడ్డీ సుమారు 2 లక్షల 95 వేలు. ఏడేళ్లకైతే వాయిదా 19,300కు దిగుతుంది, వడ్డీ 4 లక్షల 22 వేలకు ఎక్కుతుంది. నెలకు ఐదున్నర వేలు తేలికైందని సంతోషపడితే, చివరికి లక్షా పాతిక వేలు అదనంగా చెల్లించినట్టు. ఐదేళ్ల వాయిదా భరించలేని రకం మన రకం కాదని అర్థం. కింది రకానికి దిగండి.

టెస్ట్ డ్రైవ్‌ను పదినిమిషాల తంతుగా ముగించకండి. రెండు బళ్లనూ ఒకే రోజు, ఒకే దారిలో, ఇంటిల్లిపాదితో నడపండి. షోరూమ్ ముందున్న నున్నటి రోడ్డు కాదు, మీ వీధి గతుకులు, మీ ఆఫీసు దారి, మీ అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు. సీటు, వెనక చూపు, స్టీరింగు బరువు అన్నీ అక్కడే తెలుస్తాయి. గ్రాండ్ విటారా నచ్చితే టయోటా షోరూమ్‌లో హైరైడర్ కూడా అడగండి. క్రెటా నచ్చితే సెల్టోస్ కూడా చూడండి. ఒకే ఇంజిను రెండు దుకాణాల్లో దొరుకుతున్నప్పుడు వెయిటింగూ తగ్గింపూ పోల్చుకునే బలం మీ చేతిలో ఉంటుంది. హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు వారంటీ ఉంది, ఆ కాగితం అడిగి చదవండి. మీ ఊరికి దగ్గరలో ఏ సర్వీసు సెంటరుందో, అక్కడ హైబ్రిడ్ పని తెలిసిన మెకానిక్కు ఉన్నాడో లేదో కొనకముందే వెళ్లి కనుక్కోండి. మారుతీకి చిన్న పట్టణాల్లోనూ సర్వీసు అందుబాటు ఎక్కువ, అది కాదనలేని బలం. బండి తీసుకునే రోజు తయారైన నెల, సంవత్సరం చూసుకోండి. నిరుటి బండిని ఈ ఏటి ధరకు తీసుకోవద్దు.

ఇక తేల్చి చెప్పే మాట. నెలకు వెయ్యి కిలోమీటర్లకు పైన, అదీ నగర ట్రాఫిక్‌లోనే తిరిగేవారు, సామాను తక్కువ మోసేవారు గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకోవచ్చు. నెలకు పదిహేను వందలు దాటి, ఎక్కువగా హైవేల మీద, నిండు కుటుంబంతో తిరిగేవారికి క్రెటా డీజిలు సరి. నెలకు ఐదారువందలు మించనివారు హైబ్రిడ్, డీజిలు జోలికి పోకుండా మామూలు పెట్రోలులో మధ్య రకం కొనుక్కోండి. డిక్కీ, వెనక సీటు సుఖం ముఖ్యమైతే క్రెటా. మట్టి దారి, చిన్న పట్టణంలో సర్వీసు ముఖ్యమైతే గ్రాండ్ విటారా మైల్డ్ హైబ్రిడ్. ఈ వారం మీ పాత బండి మీటరో, ఫోను మ్యాపో చూసి, నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో, అందులో ఊళ్లో ఎన్ని, హైవేలో ఎన్ని అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం జేబులో పెట్టుకున్నాకే షోరూమ్ మెట్లెక్కండి. కారు ఏదైనా, ఎక్కినవారంతా, వెనక కూర్చున్నవారు కూడా, బెల్టు పెట్టుకోండి.